లసుమవ్వ గది

పెర్కిట్ లసుమవ్వ పసుపు అనే మాట పలకదు. అమ్మేది పసుపే, చీర కొంగు నుంచి చెవి కమ్మల దాకా అంటుకున్నదీ పసుపే, కానీ ఆ మాట మాత్రం చచ్చినా ఆమె నోట రాదు. పసుపును ఆమె "గది" అంటుంది. గది అంటే అది. "గది ఎండిందా?" "గది సన్నగ రాలే, మల్ల పట్టుండ్రి." ఎదుటివాళ్లకు అర్థం కాకపోతే వేలు పెట్టి చూపిస్తుంది. అప్పటికీ అర్థం కాకపోతే గొంతు పెంచి మళ్లీ గది అంటుంది.

కొడుకు పెళ్లిలో పంతులుగారు పీటల మీద నుంచి కేక వేశాడు. "అమ్మా, పసుపు కొమ్ము!"

"గది కొమ్మా? గా పళ్లెంల ఉన్నది సూడుండ్రి."

"ఏ కొమ్మమ్మా?"

"గది కొమ్మే, పంతులూ!"

ముహూర్తం దాటిపోతుందని ఆయన హడలిపోయి పళ్లెంలో ఉన్న ఖర్జూరాలన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూపించాడు. పెళ్లికూతురు దీప అడ్డుతెర చాటున నవ్వు ఆపుకోలేక చచ్చింది.

కోడలిగా వచ్చాక దీప దీని సంగతి తేల్చాలనుకుంది. పాతకాలం వాళ్లు అత్త పేరు పలకరు కదా, ఈమె అత్తగారి పేరు పసుపవ్వేమోనని అనుమానం వచ్చి, మస్కట్‌లో ఉన్న మొగుడు శ్రవణ్‌కుమార్‌ను ఫోన్లో అడిగింది. "మీ నానమ్మ పేరేంది?" "గంగామణి. ఎందుకే?" "ఏం లేదు, ఊకనే." ఆ తర్వాత ఇక తేల్చడం మానేసింది. నాలుగేళ్లలో ఆమెకూ అలవాటైపోయింది. ఆమెకేమిటి, పెర్కిట్ అంతటికీ అలవాటే. ఆటోవాళ్లు కూడా "లసుమవ్వ గది కాడ ఆపాల్నా?" అని అడుగుతారు.

ఆ "గది కాడ" ఒక రేకుల షెడ్డు. అందులో బీడీలు చుట్టడం మానేసి వచ్చిన ఆరుగురు ఆడవాళ్లు కొమ్ములు ఏరి, గిర్నీ పట్టి, జల్లించి, పాకెట్లు కడతారు. జల్లెడ దగ్గర ఎప్పుడూ రోజారాణే కూర్చుంటుంది. ఆమె చేతిలో పొడి పడ్డట్టు ఇంకెవరి చేతిలోనూ పడదు. ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే పొడి మూతిలోకి పోతుందంటుంది.

ఈ షెడ్డుకు ఆపద వచ్చింది. వాళ్ల పొడి తీసుకునే నిజామాబాద్ దుకాణం ఒక్కటంటే ఒక్కటి, అది మూతపడింది. వారం తిరక్కుండా షెడ్డు యజమాని భూమేశ్వర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, పాకెట్లు కప్పు దాక పేరినయ్. గిరాకేమో లేకపాయె. అంకాపూర్ విత్తనాలోల్లు షెడ్డు ఇయ్యమని తిరుగుతున్నరు. ఒకటో తారీఖు దాక సూస్త, అంతే."

"గది అమ్ముడుపోతది భూమన్నా, నువ్వు ఫికర్ జెయ్యకు," అంది లసుమవ్వ.

ఒకటో తారీఖుకు ఇరవై ఆరు రోజులుంది. ఫికర్ అంతా దీప చేసింది. "ఇంటర్నెట్ల పెడ్త అత్తమ్మా, దేశమంత మనదే కొంటది," అని ఆరుగురి ముందూ మాటిచ్చి, మూడు రోజులు తిండి నిద్ర మాని వెబ్‌సైట్ తయారు చేసింది. పెర్కిట్‌లో కంప్యూటర్లు నేర్పే నరహరి సార్ ఒక్కటే సలహా చెప్పాడు: "ఎవలదో కాపీ కొట్టొద్దమ్మా. మీ మాటలల్ల మీరు రాసుకోవాలె." అందుకని దీప అత్తగారి మాటలు ఫోన్లో రికార్డు చేసి, యాస కాస్త సరిచేసి, మాట మాత్రం పొల్లుపోకుండా టైపు చేసింది.

దేశం కొనలేదు. కనీసం చూడనూ లేదు. దీప పొద్దున్నే మొహం కడుక్కోకముందే ఫోన్లో, పెర్కిట్‌ను ఆనుకుని ఉన్న ఊరి పేరు కలిపి, "ఆర్మూర్ పసుపు పొడి" అని వెతికేది. మొదటి పేజీలో లేదు. అయిదో పేజీలో లేదు. పదకొండో పేజీలో ఎవరిదో పసుపు రంగు స్కూటర్ అమ్మకానికుంది గానీ లసుమవ్వ మాత్రం లేదు. షెడ్డులోకి అడుగు పెట్టగానే ఆరుగురూ తలెత్తేవాళ్లు.

"వచ్చిందా పిల్లా?"

"వస్తది అక్కా."

ఆ "వస్తది" రోజురోజుకీ బరువెక్కింది. ఒకామె అటక మీది బీడీల చాట దించి దుమ్ము దులిపిందని తెలిసిన రోజు దీపకు అన్నం సయించలేదు.

నరహరి సార్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, సైట్ తెరిచి, అది తెరుచుకునే లోపు టీ తాగి వచ్చాడు.

"గీ ఫోటో ఏందమ్మా గింత బరువున్నది?"

"మా అత్తమ్మ, సార్."

"అత్తమ్మను తగ్గియ్యాలె."

అత్తమ్మను తగ్గించారు. సైట్ చప్పున తెరుచుకుంది, గిరాకీ మాత్రం రాలేదు. రెండోసారి చూస్తే, మ్యాప్‌లో షెడ్డు గుర్తు భీమ్‌గల్ అవతల ఒక చెరువు నడిమధ్యన ఉంది. చెరువులోంచి తీసి పెర్కిట్‌లో పెట్టారు. మూడోసారి, ఫోన్ నంబర్ చిన్న తెరలో కనబడటం లేదని పెద్దది చేశారు. నాలుగోసారి నరహరి సార్ సైటంతా మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"మా గదిలో కల్తీ లేదు. మా గది చూడండి, మా గది వాసన చూడండి. ఒక్కసారి మా గది వాడినవాళ్లు వేరే గదికి పోరు. ఇట్లు, లసుమవ్వ."

చదివి, సంతృప్తిగా తలూపాడు. "రాత మస్తున్నది. తప్పేం లేదు." పాపం, ఆయనా పెర్కిట్ మనిషే.

ఇక పదమూడు రోజులున్నాయి. దీప గోళ్లు కొరుక్కోవడం మొదలుపెట్టింది. ఆమె నిజామాబాద్‌లో కొత్త దుకాణాలు తిరిగి చూద్దామని పోయిన ఒక మధ్యాహ్నం, షెడ్డులో ఫోన్ మోగింది. లసుమవ్వ ఎత్తింది.

"హలో, గది ఉందా అండీ?"

"ఉన్నది బిడ్డా, మస్తుగున్నది. ఎంత కావాలె?"

"ఒక్కటి చాలండీ. నేనొక్కణ్ణే."

"ఒక్కనికైతే చిన్నది సాలు. రెండు నెలలొస్తది."

"రెండు నెలలేనా? ఆ తర్వాతండీ?"

"తర్వాత మల్ల తీస్కో. ఎవలొద్దన్నరు?"

అవతలి మనిషి కాస్త ఆలోచించాడు. "గాలీ వెలుతురూ బాగా వస్తాయా అండీ?"

"గాలి తగలనిస్తమా బిడ్డా! గట్టిగ మూత బిగిస్తం."

"మూతా? మరి నీళ్లండీ?"

"సుక్క తగలొద్దు. తగిలితే పురుగులు వడ్తయి."

"అయ్యబాబోయ్! స్నానం ఎలాగండీ మరి?"

"స్నానానికైతే మస్తు మంచిది. ఒంటికి పూసుకో, తెల్లగైతవ్."

ఆ మనిషి కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమస్తా. ఆర్మూర్‌లో ఉండడానికి చోటు దొరక్క పన్నెండు రోజులుగా లాడ్జీలో నల్లులతో కాపురం చేస్తున్నాడు. అందుకే ఇంత విన్నాక కూడా, రేపు వచ్చి చూసుకుంటానన్నాడు.

సాయంత్రం దీప ఉత్త చేతులతో తిరిగి వచ్చేసరికి షెడ్డులో పండగలా ఉంది. "గిరాకి దొరికింది పిల్లా! నీ ఇంటర్నెట్ల సూసిండట. రేపు సొంతంగ వస్తడట!" దీప కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు పదింటికి గుమస్తా ఆటో దిగాడు. చంకలో పరుపు చుట్ట, ఒక చేతిలో గ్యాసు పొయ్యి, ఇంకో చేతిలో బకెట్టు. ఆరుగురూ పని ఆపి చూశారు. గిరాకీలు సంచులు తెస్తారు గానీ పరుపులు తెచ్చినవాడిని ఎవరూ ఎరగరు.

"గది కోసం వచ్చానండీ."

"రా బిడ్డా. గిదే గది," అని లసుమవ్వ పావుకిలో పాకెట్టు చేతిలో పెట్టింది.

అతను పాకెట్టు చూశాడు. షెడ్డు చూశాడు. మళ్లీ పాకెట్టు చూశాడు. "ఇదా అండీ?"

"గిదే. వాసన సూడు."

చూశాడు. "ఇది పసుపు కదండీ!"

షెడ్డులో గిర్నీ కూడా ఆగిపోయినట్టయింది. ఆ కప్పు కింద ఆ మాట ఎవరూ అంత గట్టిగా అనగా దీప వినలేదు.

"మరి గది అంటే ఏందన్నా?" అని అడిగింది.

"గదంటే గదేనండీ. తలుపూ, కిటికీ, పైన ఫ్యానూ..."

"అర్రనా?"

"అర్రంటే ఏంటండీ?"

"రూమా?"

"ఆఁ, రూమండీ! ఇదిగో చూడండి, 'ఆర్మూర్‌లో మంచి గది' అని కొడితే మొట్టమొదట మీదే వచ్చిందండీ!" అని ఫోన్ తిప్పి చూపించాడు.

నిజమే. పది రోజులుగా దీప దేని కోసం కళ్లు కాయలు కాసేలా వెతికిందో ఆ మొదటి స్థానంలో లసుమవ్వ నవ్వుతూ నిలబడి ఉంది. దీప సైట్ పైనుంచి కిందికి జరిపింది. గది అనే మాట నలభై ఒక్కసారి ఉంది. పసుపు ఒక్కసారి కూడా లేదు. పసుపు అమ్మే సైటులో పసుపు అనే మాటే లేకపోతే, వెతికే యంత్రానికి కలవస్తుందా? అది తనకు వచ్చిన తెలుగు ప్రకారం లసుమవ్వను అద్దె గదుల్లో చేర్చింది.

గుమస్తా మొహమాటానికి పావుకిలో కొన్నాడు. తన సందులో ఒక అర్ర ఖాళీగా ఉందని ఒకామె అతన్ని వెంటబెట్టుకుని వెళ్లింది. దీప అత్తగారి ఎదుట కూర్చుంది.

"అత్తమ్మా, గది అని ఉన్న కాడల్ల పసుపు అని మారుస్త."

"వద్దు."

"పన్నెండు దినాలే ఉన్నయ్ అత్తమ్మా!"

"ఇంకేమన్న రాయి. బంగారమని రాయి."

"బంగారమని రాస్తే దొంగలొస్తరు! ఒక్క మాట అత్తమ్మా. గీ ఒక్క మాటకు ఆరుగురి పని పోతున్నది."

"షెడ్డు పోతే పోనీ. గా మాట నా సామాను మీద రాయొద్దు," అంది లసుమవ్వ. ఏ రోజూ కోడలిని గద్దించని మనిషి అంత గట్టిగా అనేసరికి దీపకు దుఃఖం పొంగుకొచ్చింది. "మీ పట్టుదలతోని అందరిని బీడీల కాడికి పంపుండ్రి!" అని లేచి బయటికి వచ్చేసింది.

వెనకాలే జల్లెడ చప్పుడు ఆగింది. రోజారాణి చేతులు దులుపుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"అవ్వ మీద కోపం చెయ్యకు దీపా. గది నా కోసం."

"నీ కోసమా?"

"మా ఆయన సౌదీల కాలం జేసినంక మూడో నెలల ఈడికి పనికొచ్చిన. తొమ్మిదేండ్లాయె. మొదటి దినమే కొననీకొచ్చిన ఆడోల్లు నన్ను సూసి, మొగడు లేని దాని చెయ్యి పడ్డ పసుపు మాకొద్దు, పూజకెట్ల పెట్టుకుంటం అన్నరు. నేను లేచి పోబోయిన. అవ్వ నా భుజం పట్టి కూసోబెట్టింది. 'ఎవలన్నరు పసుపని? గిది పసుపు కాదు' అన్నది. 'మరేంది?' అన్నరు. 'గది' అన్నది. 'గది అంటే?' 'గది అంటే గదే. కూరల ఏసుకుంటరు. ఎవలైన ముట్టొచ్చు.' గంతే. గా దినం సంది గా మాట అనలే. కొడుకు పెండ్లిల గూడ అనలే, నేను ఆడ్నే ఉన్ననని."

దీపకు పెళ్లిలో ఖర్జూరాలు ఎత్తి చూపించిన పంతులుగారు గుర్తొచ్చి, అప్పుడు నవ్వినందుకు సిగ్గేసింది.

"గిన్నేండ్లు నా కోసమే గా మాట ఆపిందని నాకు ఎరికేనని అవ్వకు తెల్వదు. ఇగ నేనే చెప్త," అని రోజారాణి గబగబా లోపలికి నడిచింది. లసుమవ్వ ఎదుట నిలబడి, షెడ్డంతా వినపడేలా అంది: "అవ్వా, పసుపు అని రాయనియ్యి."

లసుమవ్వ ఉలిక్కిపడింది. "ఎవలన్న ఏమన్న అంటే?"

"అననీ. గప్పుడు నోరు లేకుండె. గిప్పుడు ఉన్నది, నేను చెప్పుకుంట. రాయి దీపా, రోజారాణి జల్లించిన పసుపు అని నా పేరు పెట్టి రాయి."

లసుమవ్వ మొహం అటు తిప్పుకుని, "రాసుకోండ్రి. నన్నెందుకడుగుతరు," అంది.

దీప నలభై ఒక్క చోట్ల మార్చింది. నరహరి సార్ మాత్రం పెదవి విరిచాడు. "రాయంగనే రాదమ్మా. గా యంత్రం మల్లొచ్చి చదువుకోవాలె. వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు." నాలుగు రోజులు ఎక్కడా జాడ లేదు. ఏడో రోజు నాలుగో పేజీలో కనిపించింది. తొమ్మిదో రోజు రెండో పేజీ. రెండో పేజీకి వచ్చి అక్కడే బైఠాయించింది.

నెలాఖరు రోజు భూమేశ్వర్ టేపు పట్టుకుని షెడ్డు కొలవడానికి వచ్చాడు. అతను ఒక గోడ కొలిచి రెండో గోడకు వెళ్లేసరికి ఫోన్ మోగింది. దీప స్పీకర్‌లో పెట్టింది.

"నమస్తే అమ్మా. నా పేరు వాణి, కరీంనగర్ల పచ్చళ్ల కార్ఖానా నాది. మీ సైట్ సూసిన. పసుపు రెండు క్వింటాళ్లు కావాలె, నచ్చితే నెల నెలా తీసుకుంట. గండ్ల రోజారాణి అని పేరున్నది. ఆమెతోని మాట్లాడొచ్చా?"

రోజారాణి పొడి చేతులతోనే ఫోన్ అందుకుంది. "నేనే అమ్మా. పసుపు నేనే జల్లిస్త. ఎంత సన్నగ కావాలె మీకు?" అలా ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. భూమేశ్వర్ టేపు చుట్టి జేబులో పెట్టుకుని, "విత్తనాలోల్లకు వేరే షెడ్డు సూపిస్త తీ వదినా," అని వెళ్లిపోయాడు.

లసుమవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత నడుము మీద చెయ్యి పెట్టుకుని కోడలి మీదికి వచ్చింది.

"ఏమే పిల్లా, పసుపు! పసుపు! గింత మంచి మాట పెట్టుకొని ముందుగాల్లనే ఎందుకు రాయకపోతివే? నెల దినాలు అందరి పానం తీస్తివి గదా!"

దీప రెండు చేతులూ జోడించి, "తప్పయింది అత్తమ్మా," అంది. షెడ్డంతా నవ్వింది. అందరికంటే పెద్దగా నవ్వింది రోజారాణి. మూతిలోకి పొడి పోయినా ఆపలేదు.