మూడు కంపెనీల సైకిల్

సెకండ్ హ్యాండ్ రేసింగ్ సైకిల్ కొంటామని ఎవరైనా నన్ను సలహా అడిగితే ఒకటే చెబుతాను: ముందు గేర్లు చూడండి బాబూ, రంగు తర్వాత. మేము రంగు చూశాం.

నీలం రంగు. కలకత్తా భవానీపూర్‌లో ఒక డాక్టరు గారి ఇంట్లో మెట్ల కింద దుమ్ము కొట్టుకుపోయి ఉంది. విదేశీ ఫ్రేము, వంకర హ్యాండిలు. నాన్న దాన్ని ఒంటి చేత్తో పైకెత్తి, "గాలంత తేలిగ్గుంది గుంటా, సూడు!" అన్నాడు. అంతే, బేరం కుదిరిపోయింది.

ఆ ఏడాది రైల్వేలో స్పోర్ట్స్ కోటా కింద సైకిల్ తొక్కే అమ్మాయిల్ని తీసుకుంటున్నారు. నా వయసుకి అదే ఆఖరి అవకాశం. నాన్న హౌరా పక్క లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, రిటైర్మెంటు దగ్గర పడింది. ఆయన దిగిపోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నాకు ఉద్యోగం వస్తే ముగ్గురం అందులోనే ఉండొచ్చు. రాకపోతే అమ్మనీ నాన్ననీ తీసుకుని ఎక్కడికి పోవాలో నాకు తెలీదు, వాళ్ళకీ తెలీదు. శ్రీకాకుళం వైపు మాకో ఊరి పేరుంది గానీ ఇల్లు లేదు. అప్పటిదాకా నేను నెగ్గిన పోటీలన్నీ నాన్న డ్యూటీ సైకిల్ మీదే. సెలక్షన్‌కి గేర్ల సైకిల్ ఉండి తీరాలన్నారు.

సైకిల్ ఇంటికొచ్చిన సాయంత్రమే సంగతి బయటపడింది. గేరు మారాలంటే మూడు వస్తువులు కలిసి పనిచెయ్యాలి. హ్యాండిలు దగ్గర నొక్కే లివరు, వెనక గొలుసుని పక్కకి జరిపే చెయ్యి, ఆ గొలుసు ఎక్కే పళ్ళచక్రాల కట్ట. మా సైకిల్‌కి లివరు ఒక కంపెనీది, చెయ్యి ఇంకో కంపెనీది, కట్ట మూడోదానిది. పాడైనప్పుడల్లా దొరికింది దొరికినట్టు తగిలించినట్టున్నారు. లివరు ఒకసారి టిక్కుమంటే గొలుసు పక్క చక్రం మీదికి ఎక్కాలి కదా, అది సగం దూరం వెళ్ళి రెండిటి మధ్యా గరగరమంటూ వేలాడేది.

లిలువా వర్క్‌షాపులో పనిచేసినవాళ్ళకి 'ఇది దీనికి సరిపోదు' అన్న మాట అర్థం కాదు. ఎక్కడ తయారైన రైలు పెట్టె అయినా, లోపల ఏ ముక్క ఎక్కడిదైనా, అక్కడికొచ్చాక సరిపోవాల్సిందే. సరిపోకపోతే అరగదీస్తారు, సుత్తితో నాలుగు తగిలిస్తారు, సాయంత్రానికి పెట్టె పట్టాల మీదుంటుంది. నాన్న అలా బతికిన మనిషి. లివరు ఒక్కో టిక్కుకి వెనక చెయ్యి ఎంత జరుగుతోందో కొలిచాడు. చక్రానికీ చక్రానికీ మధ్య సన్నటి రింగులుంటాయి. వాటిని ఆ కొలతకి అరగదీస్తే చక్రాలు దగ్గరకొస్తాయి, గొలుసు సరిగ్గా ఎక్కుతుందని తేల్చాడు.

నేను వద్దన్నాను. గేర్ల గురించి నాకేదో తెలిసి కాదు, అరగదీసింది మళ్ళీ అతకదన్న భయం.

"నా బతుకంతా రైలు పెట్టెలు బిగించినాను. ఈ సైకిలు నాకొక లెక్కేటి? నువ్వు ఎల్లి తొంగో," అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక, రింగులు అరగదీసి బిగించిన సైకిల్‌ని మా తెలుగు చర్చి ఆవరణలో తలకిందులుగా నిలబెట్టాడు. తెల్ల చొక్కాల పెద్దమనుషులంతా చుట్టూ మూగారు. నాన్న ఒక చేత్తో పెడలు తిప్పుతూ రెండో చేత్తో లివరు నొక్కితే, గొలుసు ఒక్కో చక్రమూ ఎక్కి, ఒక్కోటీ దిగింది. ఎక్కడా కిక్కురుమనలేదు. "ఓరినాయనో, అచ్చం కొత్తదే!" అన్నారెవరో. మా వాళ్ళు స్కూటర్ కొన్నా, ఫ్రిజ్ కొన్నా పాస్టరు గారు చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. సైకిల్ సీటు మీదా వేశారు. "ప్రభువా, ఈ బిడ్డ కాళ్ళకూ ఈ గేర్లకూ బలము దయచేయుము," అన్నారు. నేను ఆమేన్ గట్టిగానే అన్నాను. నాన్న మొహం చూడాలి ఆరోజు! నాకూ నమ్మకం వచ్చేసింది.

ఆ వారంలోనే బంద్ వచ్చింది. బంద్ అంటే ఊరందరికీ సెలవు, నాకు మాత్రం ఖాళీ రోడ్డు. జీటీ రోడ్డు మీద జెండాలు తప్ప మనుషుల్లేరు. వేగం అందుకుని, సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా పెడలు మీద వేశాను. గొలుసు టపీమని జారింది. మోకాలు వెళ్ళి హ్యాండిలుకి కొట్టుకుంది, కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. మళ్ళీ తొక్కాను, మళ్ళీ జారింది. చేత్తో తిప్పితే బుద్ధిగా నడిచిన గేరు మనిషి బరువు పడేసరికి మొరాయిస్తోంది. చేత్తో అరగదీసిన రింగులు ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. చక్రాలు ఒరిగిపోయి ఉన్నాయి. ఇంటిదాకా నడిపించుకొచ్చాను.

నాన్న మళ్ళీ అరగదీశాడు. మళ్ళీ జారింది. ఇంకా అరగదీశాడు. రోజూ డ్యూటీ దిగి, చెప్పులు కూడా విప్పకుండా వరండాలో కూర్చునేవాడు. ఆ కరకర శబ్దానికి నా పళ్ళు జివ్వుమనేవి. ఒకరోజు ఉండబట్టలేక అరిచేశాను. "ఇంక ముట్టుకోకు నాన్నా, నీకు దండం పెడతాను!" ఆయన అరగదీస్తూనే ఉన్నాడు. లోపల్నుంచి అమ్మ వచ్చి, "ఆయన్నేటీ అనకే. నీకోసమే కదేటి," అంది. నాకోసమేనని నాకు తెలీదా? తెలుసు కాబట్టే ఏడుపొచ్చింది. ఆపమంటే ఆయన ప్రాణం పోతుంది, ఆపకపోతే సైకిల్ పోతుంది.

సెలక్షన్ ఎల్లుండి అనగా నాన్నే అన్నాడు, "పద, భవానీపూర్లో ఎవుడో రేసు సైకిళ్ళు బాగుసేత్తాడంట," అని. హౌరా దాకా లోకల్లో సామాన్ల పెట్టెలో వేసుకొచ్చి, అక్కణ్ణుంచి నన్ను ఎక్కనివ్వకుండా తనే నెట్టుకుంటూ నడిచాడు.

ఆ దుకాణం బెంగాలీ ఆయన కట్టని ఊడదీసి, రింగుల్ని అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు. వెనక చెయ్యి ఏ కంపెనీదో ఆ కంపెనీ లివరు, కట్ట రెండూ వేస్తే సరిపోతుందట. లివరు తన దగ్గరుంది. కట్ట లేదు. "ఆ లివరుతో మీ పాత కట్టే నడిచేది, ఈ రింగులు అరగదీయకుండా ఉండి ఉంటే అరగంట పని," అన్నాడు. ఇలాంటి రింగులు కలకత్తాలో దొరకవు, తెప్పించాలంటే సెలక్షన్ దాటిపోతుంది.

"ఎటా కే ఘొషేఛే?" అని అడిగాడు. దీన్ని అరగదీసింది ఎవరని.

నాన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఇలాగే కొన్నాం దాదా," అన్నాను, బెంగాలీలోనే.

"అయితే వాడెవడో గాడిద," అన్నాడాయన. నాన్నకి బెంగాలీ నాకంటే బాగా వచ్చు. గోడ మీద క్యాలెండర్ వైపు తల తిప్పుకున్నాడు.

చివరికి దుకాణం ఆయన చెయ్యగలిగింది ఒకటే. మధ్యలో ఉన్న ఒక్క చక్రాన్ని నిటారుగా బిగించి, గొలుసుని దాని మీద పెట్టి, అటూ ఇటూ కదలకుండా స్క్రూలు బిగించేశాడు. లివరు ఉంటుంది, పనిచెయ్యదు.

సెలక్షన్ బాలీ ఊరి అవతల హైవే మీద. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి. పక్కవాళ్ళు టిక్కు టిక్కుమని గేర్లు తగ్గించుకుని హాయిగా తొక్కుతుంటే, నాకు పెడలు రాయిలా బరువు. తొడలు మండిపోయాయి. తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తోంది, వాళ్ళు గేర్లు పెంచుకుని దూసుకుపోయారు. నా కాళ్ళు మిషనులా గిరగిరా తిరుగుతున్నాయి గానీ సైకిల్ అంతకుమించి కదలదు. ఏం చెయ్యను? ముందున్నవాళ్ళ వీపులు చూస్తూ తొక్కాను. తీసుకునేది ఇద్దర్ని. నేను మూడోదాన్ని వచ్చాను.

షామియానా కింద కుర్చీలో కూర్చున్న సెలక్టరు నన్ను పిలిచి హిందీలో అడిగాడు, దారి పొడుగునా ఒక్కసారీ గేరు ఎందుకు మార్చలేదని.

"మర్చిపోయాను సార్," అన్నాను.

"కాళ్ళున్నాయి, బుర్ర లేదు," అని పక్కనున్నాయనతో అంటూ నవ్వాడు.

అంతదాకా తాడు అవతల నిలబడ్డ నాన్న వంగి ఇవతలికి వచ్చేశాడు. "సాబ్, లడ్కీ కా గల్తీ నహీ. గల్తీ మేరా. గేర్ మై ఘిసా," అన్నాడు. తప్పు పిల్లది కాదు, తనది, గేర్లు అరగదీసింది తనేనని. తన చేతులు ముందుకు చాపి చూపించాడు కూడా.

"హా హా, అగ్‌లే సాల్ ఆనా," అన్నాడు సెలక్టరు తల తిప్పకుండానే, వచ్చే ఏడు రమ్మని.

"అగ్‌లే సాల్ ఇస్కా ఉమర్ నహీ రహేగా, సాబ్." వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుందని.

ఈలోగా ఎవరో టీ వచ్చిందని పిలిచారు. సెలక్టరు లేచి జీపు వైపు వెళ్ళిపోయాడు. నాన్న మాత్రం ఆపలేదు. రింగులు ఎలా కొలిచాడో, నేను వద్దన్నా వినకుండా ఎలా అరగదీశాడో, దుకాణంలో నేను తనని కాయడానికి ఏం చెప్పానో, అన్నీ ఆ ఖాళీ కుర్చీకి చెబుతున్నాడు. చుట్టూ జనం చూస్తున్నారు. నేను వెళ్ళి మోచెయ్యి పట్టుకున్నాను.

"నాన్నా, ఆయన ఎల్లిపోనాడు."

"తెల్సు," అన్నాడు. "ఒక్కపాలి పూర్తిగా సెప్పనీ."

నేను చెయ్యి వదిలేసి పక్కనే నిలబడ్డాను. ఆయన మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు.