అయ్యవారి మీసం, బెంగళూరి మర్యాద

మా డ్రాయింగు అయ్యవారు పోయారని పెనుకొండ నుంచి నాయన కార్డు రాశాడు. కార్డులో ముప్పాతిక భాగం వాన పడలేదన్న సంగతి. కింద మూలన ఇరుకుగా ఈ కబురు. చోటు చాలక చివరి మాట అంచు వెంట నిలువునా రాశాడు. మెడ వంచి చదువుకోవలసి వచ్చింది. బొమ్మలు నేర్పిన మనిషి కబురు కదా, ఆ మాత్రం వంపు ఉండవచ్చుననుకుని నవ్వుకున్నాను. తర్వాత చాలాసేపు ఆ కార్డు కింద పెట్టలేకపోయాను.

ఆయనది ధర్మవరం. పట్టుచీరల అంచులకు గళ్ళకాగితం మీద పూలు గీసే ఇంటి నుంచి వచ్చి మా బడిలో చేరారు. మాకు గీతలు నేర్పమని సర్కారు జీతమిస్తే ఆయన బెంగళూరు నేర్పారు. నల్లబల్ల మీద రంగు సుద్దలతో లాల్‌బాగ్ అద్దాల మేడ వేసేవారు, కొత్తగా కట్టిన విధానసౌధ వేసేవారు. ప్రతి బొమ్మలోనూ గుమ్మం దగ్గర ఒక చిన్న మనిషి చెయ్యెత్తి రమ్మని పిలుస్తూ ఉండేవాడు. ఎవరు సార్ అంటే, "వాడేరా ఊరంటే. తక్కినదంతా రాయీ సున్నమే" అనేవారు.

పిల్లల్ని రైలెక్కించి ఆ ఊరు చూపించాలని ఆయన పట్టుదల. మా వీధిలో మాత్రం ఆ ఊరికి మంచి పేరు లేదు. మా చిన్నాయన ఒకసారి కూలి పనికి పోయి మూడో రోజే తిరిగొచ్చి, "అన్నం తిన్న్యావా అని అడిగేటోడు ల్యాడమ్మా ఆడ" అని అవ్వతో చెప్పాడు. అవ్వ నమ్మింది. అవ్వ నమ్మితే వీధి నమ్మినట్టే.

అందుకని అయ్యవారు నేరుగా మా అరుగు మీదికే వచ్చి కూర్చున్నారు.

"ఏమయ్యోరా, నా మనవడ్ని అన్నం తిన్న్యావా అని అడిగేటోళ్లు ఆ ఊర్లో యాడుండారు?" అంది అవ్వ.

"ఉండారవ్వా. ఒక్కరన్నా అడక్కపోతే నా మీసం తీయించుకుంటా."

ఆ మీసం గురించి నాలుగు మాటలు రాయడం నా విధి. అది సన్నని గీత కాదు, రెండు కొసలూ పైకి తిరిగిన పూర్తి స్థాయి చిత్రం. ఇన్‌స్పెక్టరు దొర కూడా దాన్ని చూసి ఒకడుగు వెనక్కి తగ్గేవాడు. అవ్వ ఆ మీసాన్ని కాసేపు తేరిపార చూసి, నన్ను పంపడానికి ఒప్పుకుంది.

పోయాం. బస్సు కండక్టరు లోపలికి జరగమన్నాడు. లాల్‌బాగ్ కావలివాడు గడ్డి తొక్కొద్దన్నాడు. హోటల్లో సర్వరు ఇడ్లీయా దోసెయా అని అడిగాడు. ఇది కూడా అన్నం సంగతి అడిగినట్టే లెక్క అని నేను వాదించాను. అయ్యవారు ఒప్పుకోలేదు. తిరుగు రైలు హిందూపురం దాటాక, అవ్వ దగ్గర అబద్ధం చెప్పడానికి నేను సిద్ధమేనని మనవి చేసుకున్నాను. ఆ విద్యలో నాకప్పటికే మంచి పేరుంది.

"వద్దురా. అబద్ధం చెప్పి ఊరికి మంచి పేరు తెస్తే, రేపు పోయినోడు తిట్టుకుంటాడు" అన్నారాయన.

మరునాడు బోడి పెదవితో అరుగు దగ్గరికి వచ్చారు. వీధంతా నవ్వింది. ఇక ఆ ఊరి ప్రయాణం మా బడికి శాశ్వతంగా ఆగిపోయినట్టేనని అందరం అనుకున్నాం. అవ్వ మాత్రం నవ్వలేదు.

"అడగలేదు సరే. మీరన్నా ఎవురినన్నా అడిగినారా?"

అయ్యవారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"సుట్టమై పోయినోళ్లు వట్టి సేతుల్తో పోతారా అయ్యోరా? పలకరించకుండా గోడలు సూసి వస్తారా? ఈతూరి నేనొస్తా పాండి."

మరుసటి ఏటికి మీసం తిరిగి మొలిచింది, అవ్వ రైలెక్కింది. ఆమె సంచిలో వేయించిన వేరుశనగకాయల పొట్లాలు. లాల్‌బాగ్‌లో నీళ్ళు పడుతున్న తోటమాలి ముందు ఆగి, తనకొచ్చిన నాలుగు కన్నడం ముక్కల్లో ఒకటి తీసింది.

"ఊట ఆయ్తా అప్పా?"

అన్నం తిన్నావా అని. ఆయన నీళ్ళ గొట్టం కింద పడేసి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇన్నూ ఇల్లమ్మా. నిమ్దు?" అన్నాడు. ఇంకా లేదమ్మా, మరి మీది?

మా వెనకాల అయ్యవారు మీసం మీద చెయ్యి వేసుకున్నారు. తిప్పలేదు, ఊరికే తడిమి చూసుకున్నారు. ఆ తోటమాలి మమ్మల్ని నీడలోకి తీసుకుపోయి, తన సద్దిమూట తెచ్చుకుని మా పక్కనే కూర్చుని తిన్నాడు.

అప్పటినుంచి అది మా బడి కట్టుబాటయింది. బెంగళూరు పోయే ప్రతి పిల్లా ఒక పొట్లం తీసుకుపోవాలి, ముందు తానే పలకరించాలి. కసిరినవాళ్ళూ లేకపోలేదు. "వాళ్లకేం తొందరో, ఇంకొకర్ని అడుగు" అనేవారు అయ్యవారు. నేను ఆ ఊళ్ళోనే కాలేజీలో చేరాక నాకు రాసిన ఉత్తరాలన్నీ ఒకే ప్రశ్నతో ముగిసేవి: ఈ వారం ఎవరిని పలకరించావు? నేను పరీక్షల సంగతి రాసి తప్పించుకునేవాణ్ణి.

కార్డు వచ్చిన తర్వాతి ఆదివారం మా బడి పిల్లలు బెంగళూరు వచ్చారు. ఏటా లాగే స్టేషనుకు పోయాను. ఈసారి వెంట ఉన్నది కొత్త అయ్యవారు, నన్నెరగరు. రెండు జడల పిల్ల ఒకతి అందరికన్నా ముందు వచ్చి, నా టెరిలిన్ చొక్కాను కింద నుంచి పైదాకా పరీక్షించి, నేను బెంగళూరు వాణ్ణేనని తీర్పు చెప్పుకుని పొట్లం చాపింది.

"ఊట ఆయ్తా అన్నా?"

మాదీ పెనుకొండే పాపా అనబోయి ఆగాను.

"ఇన్నూ ఇల్లమ్మా. నిమ్దు?"

ఆ పిల్ల గెలిచినట్టు వెనక్కి తిరిగి, "అడిగినాడు సార్! అడిగినాడు!" అని అరిచింది. పొట్లం ఒక చేత పట్టుకుని, స్టేషను గుమ్మం దగ్గర నిలబడి, వెనక వస్తున్న పిల్లలకు రెండో చెయ్యి ఎత్తాను.