ముసలాయన కారవాన్

ఎనభైల మొదట్లో నేను దుబాయిలోని అల్ కుసైస్‌లో ఒక వర్క్‌షాపులో వడ్రంగిని. మాది కరీంనగర్ వైపు. నాతో పనిచేసే వెల్డర్ కడప సాయిబు, నన్ను అన్నా అని పిలిచేవాడు. ఒక చలికాలం మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, మమ్మల్నిద్దరినీ తన ఇంటికి పంపాడు. దేశం విడిచి వెళ్తూ ఎవరో ఇంగ్లిషు ఇంజనీరు వదిలేసిన పాత కారవాన్ అక్కడ ఆవరణలో పడి ఉంది. బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు అది. కఫీల్ తండ్రికి మళ్లీ ఎడారి చూడాలని ఉందట. ఆయన కోసం దాన్ని బాగుచేయమన్నాడు.

లోపల అడుగు పెట్టగానే నా కాలు దిగబడింది. నేలచెక్క నానిన అట్టలా ఉంది. దాన్ని ఊడదీస్తే కింద ఇనుప చట్రం సముద్రపు గాలికి పొరలు పొరలుగా రాలుతోంది. వెల్డర్ తుప్పు తిన్న కమ్ములు కోసేసి కొత్తవి అతికాడు. నేను వాటికి ఎర్ర రంగు పూసి, పైన మందపాటి ప్లైవుడ్ పరిచి బిగించాను. ముసలాయన రోజూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మా చేతుల్లో ఖర్జూరాలు పెట్టి, కుర్రతనంలో ఒంటెల వెంట తిరిగిన చోట్ల గురించి వచ్చీరాని హిందీలో చెప్పేవాడు.

పని పూర్తయి వారాలు గడిచినా కారవాన్ కదల్లేదు. తండ్రికి ఆయాసం, దూరం పంపాలంటే కఫీల్‌కు భయం. తలుపు బిగుసుకుపోయిందని ముసలాయన ఒకరోజు మమ్మల్ని పిలిపించాడు. తలుపు బాగానే ఉంది.

"మీ పికప్‌కు తగిలించండి. ఒక్క పూట చాలు, పొద్దుగూకేలోపు వచ్చేద్దాం" అన్నాడు గొంతు తగ్గించి.

"కఫీల్‌ను అడగకుంట ఎట్ల తీస్కపోతం?" అన్నాను వెల్డర్‌తో.

"నేనడుగుతాలేన్నా. కన్నకొడుకే గదా, కాదంటాడా?"

మంచి మనసుతోనే అడిగాడు. కఫీల్ కోప్పడలేదు. మరునాడు సిమెంటు దిమ్మెలు తెప్పించి, కారవాన్‌ను వాటి మీద నిలబెట్టి చక్రాలు తీసేయమన్నాడు. తండ్రి ఇంకెవరినైనా అడుగుతాడని అతని బెంగ.

మేమే తీశాం. ముసలాయన చూస్తూ కూర్చున్నాడు. రెండో చక్రం కూడా ఊడాక "ఖలాస్" అని లేచి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

తిరిగి వస్తుంటే వెల్డర్ అన్నాడు: "అడక్కుండా తీసకపోయింటే బాగుండునన్నా."

"నౌకరి పోతుండె" అన్నాను.

ముసలాయన మరుసటి చలికాలం దాకా ఉండలేదు. నౌకరీ పోతే ఇంకోటి దొరికేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.