కోతి పాడె ముందు ఒప్పియా

ఒప్పియా వృత్తి ఏడవడం. రోములో ఏ పెద్దింట్లో శవం లేచినా, అంత్యక్రియల పనులు చేయించే నోవియస్ ముందు ఆమెకే కబురంపేవాడు. జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ పాడె ముందు నడిచేది. చచ్చినవాడు బతికుండగా ఎంత నీచుడైనా సరే, నాలుగు మాటల్లో దేవుణ్ణి చేసేసేది. పని అయ్యాక మొహం కడుక్కుని, చేపలు బేరమాడుతూ ఇంటికెళ్ళేది. ముప్పై ఏళ్ళుగా అదే బతుకు.

ఆ ఏడు చక్రవర్తి పెంపుడు కోతి చచ్చింది. మనుషుల్ని నల్లుల్లా నలిపే ఆ మహానుభావుడు కోతి కోసం మాత్రం ముద్ద ముట్టలేదట. దానికి హెక్టర్ అని వీరుడి పేరు పెట్టుకున్నాడు, ఊదారంగు అంగీ తొడిగాడు, సెనేటులో కుర్చీ వేయించాడు. తాతల నాటి యుద్ధాల గురించి తెగ డప్పు కొట్టుకునే సెనేటర్లు దానికి రోజూ దండం పెట్టి అంజీర పళ్ళు అందించారు. చివరికది ఆ పళ్ళే అరక్క చచ్చింది. తొమ్మిది రోజులు నగరంలో ఎవరూ నవ్వకూడదని చాటింపు వేశారు.

ఒప్పియా కొడుకు సీలో స్నానశాలలో పొయ్యి రాజేసేవాడు. ఇరవై రెండేళ్ళవాడు. మంగలి దుకాణం ముందు ఎవడో కోతిలా బుగ్గలు ఉబ్బించి చూపిస్తే ఆపుకోలేక నవ్వాడు. అంతే. పొద్దున నవ్వినవాణ్ణి మధ్యాహ్నానికి చంపి, కొక్కెం తగిలించి ఈడ్చుకెళ్ళి టైబర్ నదిలో పారేశారు. రాజద్రోహికి పాడె కట్టకూడదు, ఏడవకూడదు, మూడుసార్లు పేరు పెట్టి పిలవకూడదు. అలా పిలవకపోతే పోయినవాడికి పరలోకంలో చోటు దొరకదు, దాని ముందున్న ఏటిగట్టునే తిరుగుతుంటాడు. ఒప్పియా గుమ్మంలో సైనికుణ్ణి కూడా కాపలా పెట్టారు, ఆమె కళ్ళు తడవకుండా చూడటానికి. ఊళ్ళో వాళ్ళందరికీ ఏడ్చిన మనిషి సొంత కొడుక్కి ఏడవలేక గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆమెను తినేస్తున్నది ఒక్కటే, వాణ్ణి ఎవరు పిలుస్తారని.

మూడో రోజున నోవియస్ వచ్చాడు, తల దించుకుని.

“అక్కా, రేపు కోతిని కాలుస్తారు. నువ్వే ఏడవాలట. నేనేం చెయ్యను, పైనుంచి ఆజ్ఞ.”

“కోతికా?”

“గట్టిగా అనకే తల్లీ! హెక్టర్ గారికి. నువ్వు ముందు పేరు పిలిస్తే వెనక జనమంతా అందుకుంటారు. నోరు మెదపనివాడి పేరు సైనికులు రాసుకుంటారు.”

“చక్రవర్తి వస్తాడా?”

“ఎక్కడ! శవాన్ని చూస్తే కళ్ళు తిరుగుతాయట. మేడ మీద పడుకుని వింటాడట. కేకలు అక్కడిదాకా వినబడాలట.”

ఒప్పియా గుమ్మంలోని సైనికుడి వైపు ఒకసారి చూసింది. తర్వాత, “వస్తానని చెప్పు,” అంది.

మర్నాడు సుగంధపు కట్టెల చితి మీద, పట్టుపరుపు పైన కోతి పడుకుంది. చుట్టూ సెనేటర్లు నల్లబట్టల్లో, కళ్ళకు ఉల్లిరసం రాసుకుని మరీ ఏడుస్తున్నారు. ఒప్పియా జుట్టు విప్పింది. చెంపలు రక్కుకుంది. అన్నాళ్ళూ కూలికి అరిచిన గొంతు ఆ రోజు నిజంగానే పగిలింది.

“సీలో!”

ముందు వరసలో వాలెన్స్ అనే సెనేటర్ పక్కవాడి వైపు చూశాడు. కోతి పేరు అది కాదని అతనికి తెలుసు, పక్కవాడికీ తెలుసు. కానీ సైనికుడి చూపు పెదాల మీదే ఉంది. పేరు మార్చారేమో, ఆజ్ఞ తనకు అందలేదేమో, అడిగితే తల పోతుందేమో. ఎవడికి వాడు పక్కవాడికంటే వెనకబడకూడదనుకున్నాడు.

“సీలో!” అని వాలెన్స్ గావుకేక పెట్టాడు. ఆ వెనక సెనేటంతా, వాళ్ళ వెనక ఊరంతా అందుకుంది. మూడోసారికి మైదానం దద్దరిల్లింది. మేడ దాకా పేరు తెలియలేదు, హోరే వినబడింది; చక్రవర్తి ఎంతో సంతోషించాడని అక్కణ్ణుంచి కబురు కూడా వచ్చింది. అది కోతి పేరు కాదని పోయి ఫిర్యాదు చేద్దామంటే, ఆ పేరు పిలవని నోరు ఒక్కటి లేదు.

చితి అంటుకున్నాక వాలెన్స్ ఆమె పక్కకు చేరాడు.

“ఎవడే ఆ సీలో?”

“నా కొడుకండీ. మీ స్నానాలకు నీళ్ళు కాచేవాడు.”

“నా చేత పొయ్యి రాజేసేవాడి పేరు పిలిపించావా?”

ఒప్పియా మొహం తుడుచుకుంది.

“మీ నాన్నగారి పాడె ముందు కూడా నేనే ఏడ్చానండీ,” అంది. “పాపం, ఆయన్ని ఇంతమంది పిలవలేదు.”