తెగిన వంతెన దగ్గర పోస్ట్‌మాన్

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషంటే భయం లేదు, గౌరవమే. దూరంగా నిలబడి దణ్ణం పెట్టేంత గౌరవం. అలాంటి నేను డిగ్రీ కాగానే యూనివర్సిటీ ఎంట్రన్సుకు దరఖాస్తు పెట్టాను. సీటొస్తే ఎచ్చెర్ల హాస్టలు, రాకపోతే సాలూరులో నాన్న పంక్చర్ షాపు. "పరీక్షలో వచ్చే ఇంగ్లీషు పాసేజీలు పైకి చదువమ్మా, నోరు తిరుగుతుంది" అన్నారు కోచింగు మాస్టారు. ఇంకేముంది, షాపు ముందు పాత టైరు మీద కూర్చుని లారీ హారన్లతో పోటీపడి చదివేదాన్ని (వీధి మొత్తానికీ సీటొచ్చేలా ఉందని అమ్మ వేళాకోళం).

లోడు కోసం ఎదురుచూసే డ్రైవర్లకు నేనే కాలక్షేపం. వాళ్లందరికీ పెద్దదిక్కు, గేరు మావ. మాట్లాడుతుంటే ఆయన కుడిచెయ్యి గేరు మార్చినట్టు ఆడుతూనే ఉండేది. "ఏటే గుంటా, ఇంగిలీసులో నువ్వొక్కదానివే సదూకుంతన్నావు? మాకూ సెప్పు" అన్నాడొకరోజు. చెప్పాను. కొండ ఊళ్లో ఒక పోస్ట్‌మాన్, సంచిలో ఉత్తరం, దారిలో వరద. వంతెన తెగిపోయింది. అతను ఏటి ఒడ్డున నిలబడ్డాడు.

"తర్వాత ఏటయినాది?"

"అంతే మావా. ఆ పాసేజీ అయిపోనాది."

"అంతేటి? మనిసిని ఏటి కాడ నిలబెట్టేసి ఎల్లిపోతారేటి? ఇదేం సదువే!"

పెద్ద పంచాయితీ అయింది. వెనక్కెళ్లాలని ఒకరు, ఈదాలని ఒకరు. చివరికి గేరు మావ చెయ్యి టాప్ గేరులో పడింది. "ఒకరి సరుకు మన బండిలో ఉంటే ఎనక్కి తిప్పకూడదు. నీరు తగ్గేదాకా ఆగుతాడు, అప్పుడు దాటుతాడు. రాసుకో!" ఆ రోజు నుంచి ప్రతి పాసేజీకీ ముగింపు మా షాపు దగ్గరే తయారయ్యేది.

పరీక్ష రోజు పేపరు తిప్పానో లేదో, సాక్షాత్తూ అదే పోస్ట్‌మాన్! సంతోషంతో అరవకుండా పెదవి కొరుక్కున్నాను. చదవడం కూడా ఎందుకని తిన్నగా ప్రశ్నల్లో పడ్డాను. 'చివరికి పోస్ట్‌మాన్ ఏం చేశాడు?' 'నీరు తగ్గేదాకా ఆగాడు' అన్న జవాబు కనిపించగానే చటుక్కున టిక్కు పెట్టాను. బయటికొచ్చి గర్వంగా చెబితే మాస్టారు నెత్తి పట్టుకున్నారు. "నాలుగో జవాబు చూడలేదా తల్లీ? 'పాసేజీలో చెప్పలేదు' అని ఉంటుంది!"

సంగతి తెలిశాక గేరు మావ వారం రోజులు మా షాపు ముందు బండి ఆపలేదు. మొదటి లిస్టులో నా పేరు లేదు. ఏడ్చాను. రెండో లిస్టులో, అట్టడుగున, ఉంది! నాన్న మావకు ఫోను చేసిన గంటకే లారీ వచ్చి ఆగింది. "నా నోటి మూలాన నీ మార్కు పోనాది. పెట్టె నేనే దింపుతాను, ఎక్కు" అన్నాడు మావ. ఎచ్చెర్ల దాకా ఇద్దరం ఒకటే కబుర్లు. అంత ఎత్తు నుంచి, అంత సంతోషంగా నేనెప్పుడూ రోడ్డు చూడలేదు.

ఇప్పుడు నేనే పిల్లలకు పాసేజీలు చెబుతున్నాను. లేనిది రాయొద్దని బల్ల గుద్ది మరీ చెబుతాను. కానీ ఆ పోస్ట్‌మాన్ పాఠం అయిన రోజున ఎవరో ఒకరు వెనకే వస్తారు. "మేడమ్, తర్వాత ఏటయినాది?"

అటూ ఇటూ చూసి, "నీరు తగ్గాక దాటాడు. ఉత్తరం అందింది" అంటాను. అప్పటికే నా కుడిచెయ్యి గేరు మార్చేసి ఉంటుంది.