శ్మశానం గేటు ముందు సోడా బండి

ఆ వయసులో నాకున్నంత వ్యాపార తెలివి సూరత్‌లో ఇంకెవరికీ ఉండేది కాదు. లేకపోతే రింగ్ రోడ్ మార్కెట్లలో చీరల బేరగాళ్లు గొంతెండి తిరుగుతుంటే, వాళ్లను వదిలేసి, పాత ఊళ్లో శ్మశానం గేటు ముందు నిమ్మసోడా బండి పెట్టాలని ఎవరికి తడుతుంది? (అద్దె లేదు, పోటీ లేదు. గిరాకీ కూడా లేదని కొంచెం ఆలస్యంగా తెలిసింది.) పాండేసరలో మా నాన్నది కిరాణా కొట్టు. ఉప్పు కోసం వచ్చినవాడికి పప్పు కూడా అంటగట్టి పంపే ఇంట్లో పుట్టి, ఓడిపోయానని ఒప్పుకుంటానా? సోడా అమ్ముడుపోకపోతే సమాధి అమ్ముదామనుకున్నాను.

లోపల పాతకాలం సమాధుల మధ్య ఓ మూల అర్థంకాని లిపితో ఒక రాయి ఉండేది. పూర్వీకుల సమాధులు చూసుకోవడానికి ముంబై నుంచి వచ్చిన ఒక యూదు పెద్దావిడ, సోడా తాగి, దాన్ని చదివి చెప్పింది. ఓడలు సరుకుతో తాపీ నదిలోకి వచ్చే కాలంలో ఇక్కడ బతికిన యూదు వైద్యుడట. దూరం నుంచి వచ్చాడు, పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్లాడు, జ్వరంతో పోయాడు. "ఇంతేనా?" అన్నాను. "ఔర్ క్యా చాహియే, బేటా?" అంది, ఇంకేం కావాలన్నట్టు. ఆవిడకు చాలు, నాకు చాలదు. అందుకని ఆయన్ను మతం పేరుతో పోర్చుగల్ నుంచి తరిమించాను, ఓడెక్కించి తుఫానులో ముంచి తేల్చాను, నవాబుగారి కడుపునొప్పి నయం చేయించి హకీం సాబ్‌ అని పేరు పెట్టాను. సెలవు రోజున వచ్చే మన తెలంగాణ మగ్గాలవాళ్ల కోసం, పేదల దగ్గర పైసా ముట్టలేదనీ, ఆ రాయి తాకితే ఇప్పటికీ రోగం దిగుతుందనీ కలిపాను. సోడాలు పారాయి. రాయి చుట్టూ దారాలు, నిమ్మకాయలు వెలిశాయి. (నిమ్మకాయలూ నేనే అమ్మాను.)

ఒక మధ్యాహ్నం మా గల్లీలో ఉండే సాంచా మామ వచ్చాడు. (మరమగ్గాన్ని మనవాళ్లు సాంచా అంటారు, ఆయన నిద్రలో కూడా దాన్నే తిట్టేవాడు.) భుజం మీద చిన్న కూతురు, తల వేలాడేసి ఉంది. ముట్టుకుంటే చేయి కాలింది.

"నాలుగు దినాలాయె అల్లుడా. దవాఖానకు పోతే కూలి పోతది. హకీం సాబ్ ఉన్నడు గద, సూస్తడు."

"మామా, అదంతా నేనల్లిన కథ. ఈడ ఎవ్వలు లేరు. ఉత్త రాయి."

మామ నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "నువ్వా? గింత కథ అల్లెతందుకు నీకు అకల్ యాడిదిరా? జర జరుగు."

పిల్లను రాతి మీద పడుకోబెట్టి, కట్టడానికి జేబులోంచి దారం తీశాడు. నేను అమ్మిన అబద్ధాలన్నీ చెల్లాయి, ఒక్క నిజం చెబితే కొనే దిక్కు లేదు. పిల్ల కళ్లు సగం తెరిచే ఉన్నాయి, కానీ దేన్నీ చూడటం లేదు. ఇక నాకు చేతనైంది బేరమొక్కటే.

"మామా, ఒక్క ముచ్చట దాచిన. హకీం సాబ్‌ది ఒక షరతు ఉన్నది. బతికున్న డాక్టరు సూడని మనిషిని ఆయన ముట్టడు. గుస్స జేస్తడు."

"గది ముందుగాల చెప్పొద్దారా, బేకార్‌గా!" అంటూ పిల్లను ఎత్తుకుని గేటు వైపు పరిగెత్తాడు. నేను బండి అక్కడే వదిలేసి ఆటో ఆపాను.

మలేరియా. "కల్ లాతే తో..." అని, రేపు తెచ్చి ఉంటే ఏమయ్యేదో మాత్రం చెప్పకుండా డాక్టర్ చీటీ రాసిచ్చాడు. ఆ రాత్రంతా మామా నేనూ దవాఖాన వరండాలో కూర్చున్నాం. తెల్లవారుతుండగా పిల్ల కళ్లు తెరిచి చాయ్ అడిగింది. నేను చాయ్ తేవడానికి బయటికి పరిగెత్తాను.

ఆ తర్వాత ఆ కథ అబద్ధమని ఎంతమందికి చెప్పినా ఎవరూ వినలేదు. కొందరు దవాఖాన చీటీ తెచ్చి రాయికి చూపించి పోయేవారు. నేను మాత్రం మా నాన్న కొట్లో ఉప్పు పొట్లాలకు తిరిగొచ్చాను. ఆ పిల్ల ఇప్పుడు అడాజన్‌లో కాలేజీకి పోతోంది, కనిపించినప్పుడల్లా "సోడా బావా" అని వెక్కిరిస్తుంది.

లెక్క తేల్చుకుంటే, బండి ఆ మధ్యాహ్నమే ఎవడో తోసుకుపోయాడు. తుఫాను, నవాబు నా సరుకు, వాటికి ఇవాళ ధర పలకదు. పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్లాడన్నది మాత్రం ఆ రాతి కింది వైద్యుడి సొంతం. ఆ రోజు మామ పిలిస్తే వెళ్లింది కూడా ఆయనే. ఆటో చార్జీ ఒక్కటే నాది.