సమోసాలు వేగిన నూనె

తార్నాకలో మిర్చి బజ్జీల వాసన తగిలితే ఇప్పటికీ రోడ్డు దాటి అవతలికి పోతాను.

మా చెల్లెకు గోధుమ పడదు, కొంచెం తిన్నా కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంది. చిన్నప్పుడు అక్కడి యూనివర్సిటీ క్యాంపస్ గ్రౌండ్‌లో వేసవి మేళాకు తీసుకుపోయాను. అక్కడ గోధుమ, మైదా లేని తిండి వెతకడమంటే పెళ్లిలో అలగని బంధువును వెతకడమే.

"అన్నా, గీడ నాకేం లేదా?" అంది.

చివరికి బజ్జీల బండాయన "ఉత్త శెనగపిండే బిడ్డా" అన్నాడు.

"తినవే, నేను డాక్టర్ని చెప్తున్న!" అన్నాను, ఏదో పెద్ద డాక్టర్నైనట్టు. అదే మూకుడులో మైదా సమోసాలు వేగడం అప్పటికే చూశాను. సమోసాలో ఉన్న గోధుమ నూనెలోకి ఎందుకొస్తుంది అనుకున్నాను.

మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది.

మరుసటి ఏడు మేళాకు పిలిస్తే, "ఆకలైతలేదన్నా, నువ్వు తినిరా" అంది. ఇన్నేళ్లయినా, నేను ఏది పెట్టినా చెల్లెకు ఆకలి ఉండదు.